పిడికిలి కొలత

"కొమ్ములు తిరిగిన ఎద్దుని పట్టుకున్నట్టుంది నాన్నా అది," అంది కూతురు. ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

ఆయన ఒప్పుకోలేదు. అరచేతుల్లో ఇమిడే గేము యంత్రం వెనక తగిలించిన ఆ నల్ల ప్లాస్టిక్ గ్రిప్పుని రెండు చేతులా పట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, బస్సుని మలుపు తిప్పినట్టు అటూ ఇటూ ఊపి చూపించాడు. అరచేతి నిండా ఎంత హాయిగా ఒదిగిందో, అంత హాయిగా ఉన్న వస్తువుని పట్టుకుని కూడా వేళ్లు నొప్పి అంటే అది వస్తువు తప్పెలా అవుతుందో విడమరిచి చెప్పాడు. ఇరవై ఆరేళ్లుగా బస్సు తోలుతున్న చేతులవి. ఏది పట్టుకున్నా వాటికి హాయిగానే ఉంటుంది. కూతురూ తగ్గలేదు. ఆ గ్రిప్పు పట్టుకుని బటన్లు నొక్కాలంటే మనిషికి బొటనవేలు ఇంకో కణుపు పెరగాలంది. సోఫా మూల కూర్చున్న ఆయన తల్లి కళ్లజోడు తుడుచుకుంటూ, ఇద్దరికీ కలిపి ఒకటే అంది. ఇంతింత మనుషులు సాయంత్రమంతా ఒక ఆటబొమ్మ గురించి కొట్టుకోవడం తను ఏ ఇంట్లోనూ చూడలేదట.

ఎవరి చేతుల కోసం ఈ తగవు నడుస్తోందో, ఆ చేతులు మాత్రం వంటింట్లో క్యారెట్లు తరుగుతున్నాయి.

ఆ ఇంట్లో ఆ యంత్రం మీద రోజూ ఆడేది ఆయన భార్య ఒక్కతే. సంచుల కార్ఖానాలో పగలంతా హ్యాండిళ్లు కుట్టి, ఆరింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, పొయ్యి వెలిగించే లోపల దొరికేది అరగంట. ఆ అరగంటలో ఆమె టపా పడవ నడుపుతుంది. దీవి నుంచి దీవికి ఉత్తరాలు చేరవేసే ఆట అది. పది దీవులు దాటింది. పదకొండో దీవి ముందు ఒక ఇరుకు సముద్రం ఉంది. అక్కడ గాలికి ఎదురీదాలంటే యంత్రం వెనకవైపు మీటని చూపుడువేలితో రెండు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టి, బొటనవేలితో పడవని మళ్లించే ముందువైపు పుల్ల తిప్పుతూ ఉండాలి. నిమిషం దాటేసరికి ఆమెకి చిటికెనవేలూ దాని పక్కవేలూ తిమ్మిరెక్కి, ఎవరివో వేళ్లలా అయిపోతాయి. మీట జారుతుంది. పడవ బోల్తా పడుతుంది. ఉత్తరాల మూట నీళ్లమీద తేలుతుంది. మూడు వారాలుగా రోజూ ఇదే వరస.

ఈ కొత్త గ్రిప్పు వచ్చాక వేళ్లు నిమిషం కూడా ఆగడం లేదు.

కూతురు వంటింటి గుమ్మంలోకి వచ్చి, నీకెలా ఉందో నువ్వే చెప్పమ్మా అంది. ఆమె చాకు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాస్త పెద్దదనిపిస్తోందని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, అలవాటవుతుందేమోలే అని కలిపింది. ఆ రెండో మాట ఎందుకు కలిపిందో ఆమెకే తెలియలేదు.

ఆయన చెడ్డమనిషేమీ కాదు. పెద్దదైతే మార్చేద్దాం, అదెంత పని, రేపు సాయంత్రం అందరం వెళదాం అని అప్పటికప్పుడు తేల్చేశాడు.

గురువారం సాయంత్రం షాపులో ఒక గోడంతా గ్రిప్పులే వేలాడుతున్నాయి. రబ్బరువి, ప్లాస్టిక్‌వి, పైన గరుకుగా ఉన్నవి, జెల్లీలా మెత్తగా ఉన్నవి. మెడలో కార్డు వేసుకున్న సేల్స్‌మన్ ఒక్కొక్కటే తీసి యంత్రానికి తొడిగి, ఆయన చేతిలో పెట్టాడు. ఆయన పట్టుకుని చూసి, బాగుందనో బరువుందనో అనేవాడు. తరవాత అది కూతురి చేతికి వెళ్లేది. కూతురు పెదవి విరిచేది. అక్కడినుంచి అది మళ్లీ గోడకి వెళ్లిపోయేది. ఆయన మోచేతి పక్కన నిలబడ్డ ఆమె దాకా ఒక్కటీ రాలేదు. అమ్మకివ్వండని కూతురు రెండుసార్లు అన్నా, అప్పటికే అతను ఇంకోటి విప్పే హడావిడిలో ఉన్నాడు.

ఆమె గోడకున్న వాటిని తనే వేలితో తడిమి చూసింది. ఒకదానికి రబ్బరు అతుకు సరిగ్గా వేలు ఆనేచోట వచ్చింది. తమ కార్ఖానాలో అలాంటి అతుకు వేస్తే ఆ లాటు సరుకంతా వెనక్కి కొడతారు. ఇంకోదాని వంపు అందంగానే ఉంది కానీ, అది నాలుగు వేళ్లూ ఒకే పొడుగున్న మనిషికి పనికొస్తుంది.

అప్పటికి సేల్స్‌మన్ ఆమెని చూశాడు. చూసి, ఆయన్ని అడిగాడు.

"మేడమ్ కూడా ఆడతారా సార్?"

"ఏదో సరదాకి," అని ఆయన నవ్వాడు.

చిన్న చేతులకి వేరే సైజు ఉందా అని ఆమె అడిగింది. సైజులుండవండీ, అన్నీ అందరికీ సరిపోయేలాగే చేస్తారు అని అతను మర్యాదగానే జవాబిచ్చాడు. ఆమె తల ఊపింది. ఆయన నవ్వులో ఎగతాళి లేదని ఆమెకి తెలుసు. అయినా ఆ 'సరదాకి' అన్నది చెప్పులో పడ్డ రాయిలా ఇంటిదాకా గుచ్చుతూనే వచ్చింది. వానలో, పొగమంచులో పది దీవులు దాటిన మనిషిని పట్టుకుని సరదాకట.

ఇంటినుంచి తెచ్చిన నల్ల గ్రిప్పు వాపసిచ్చి, కొత్తది ఏదీ కొనకుండా బస్సెక్కారు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గోడంతా ఉన్న గ్రిప్పుల్లో ఒక్కటీ సరిపోలేదంటే ఇక ఆ ఆట ఆమెకి పడదనే లెక్క. చేతులతో చేసే పని ఆమెది. ఆ చేతులు చెడగొట్టుకుంటే ఎలా? ఆదివారం చెల్లెలు భోజనానికి వస్తోంది కదా, దానికిచ్చేస్తే వాళ్ల పిల్లలు ఆడుకుంటారు. వస్తువు ఇంట్లోవాళ్ల దగ్గరే ఉన్నట్టుంటుంది.

"నీ మంచికే చెబుతున్నానోయ్," అన్నాడు.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఆ ఇంట్లో ఆమె ఏమీ అనకపోవడాన్ని సరేనని రాసుకోవడం అందరికీ అలవాటు. ఇల్లు చేరగానే ఆయన చెల్లెలికి ఫోన్ చేసేశాడు. ఇప్పటికి ఈ ఇంటికి బుద్ధొచ్చిందని అత్తగారు సంతోషించింది. కూతురు మాత్రం తన గదిలోకి వెళ్లి తలుపు కాస్త గట్టిగానే వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం కార్ఖానాలో అందరూ చేతులు కడుక్కోవడానికి లేస్తుంటే, ఆమె మాత్రం మిషన్ దగ్గరే ఉండిపోయింది. తోలు ముక్కల బుట్టలోంచి అరచేయి వెడల్పున్న రెండు ముక్కలు ఏరి, మధ్యలో పలచటి ఫోము పెట్టి మడిచింది. అక్కడ ఆమెని అందరూ హ్యాండిలక్క అంటారు. ఇరవై రెండేళ్లలో ఆమె కుట్టిన హ్యాండిళ్లు ఒకదానికొకటి తగిలిస్తే ఊరు చుట్టి రావచ్చని పక్క మిషన్ పిల్ల లెక్క. హ్యాండిలంటే ఆమెకి భయం లేదు. గ్రిప్పు కూడా హ్యాండిలే కదా అనుకుంది. దారానికి మైనం రాసి, అంచులు నున్నగా రుద్ది, అంగుళానికి ఎనిమిది కుట్లు వేసింది. ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది. రేపోమాపో ఇచ్చేసే వస్తువుకి ఇంత ముచ్చటగా ఎందుకు కుడుతున్నానని ఒకసారి అనిపించింది. అనిపించినా చెయ్యి ఆగలేదు. చాలా రోజులకి ఆ చెయ్యి తన కొలతకి తను ఏదో చేసుకుంటోంది.

సాయంత్రం స్నానం కూడా చేయకుండా యంత్రానికి అటొకటీ ఇటొకటీ ఆ తోలు పట్టీలు బిగించింది. వేళ్లు అందులో దూర్చితే చేతి వెనకనుంచి చుట్టి పట్టుకున్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయంటే, ఆడకుండా కాసేపు చూస్తూ కూర్చుంది. ఆట మొదలుపెట్టింది. నలభై సెకన్లు కాకుండానే యంత్రం ముక్కుమీద పడ్డట్టు ముందుకి వాలింది. దాన్ని నిలబెట్టబోతే బొటనవేలు పుల్లకి అందలేదు. పుల్ల అందుకోబోతే వెనక మీట జారింది. పడవ బోల్తా. ఇంకోసారి, మళ్లీ బోల్తా.

సోఫా మూలనుంచి అత్తగారు కళ్లజోడు మీదుగా చూస్తోంది.

"చేతులకి ఆ బేడీలేమిటమ్మాయ్?"

"పట్టుకోవడానికి అత్తయ్యా. హ్యాండిల్స్."

"ఇలా తే."

అత్తగారు యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ పట్టీలు పట్టుకుని పైకెత్తింది. మళ్లీ దింపింది. రెండుసార్లు అలా ఎత్తి దింపి, తిరిగి కోడలి చేతిలో పెట్టేసింది.

"నువ్వు దీనికి సంచి కుట్టావు. సంచయితే వేలాడుతుంది, అది కిందకి లాగితే నువ్వు పైకి లాగుతావు. ఇది వేలాడేదా? చేతిలో కూర్చునేది. చంటిపిల్లని రెక్కలు పట్టుకుని వేలాడదీస్తే ఊరుకుంటుందా? పిర్రల కింద చెయ్యి వేసి ఎత్తుకోవాలి గానీ."

అంటూ పక్కనున్న తువ్వాలు మడిచి, పసిపిల్లని కూర్చోబెట్టినట్టు అరచేతిలో కూర్చోబెట్టి చూపించింది. మడిచిన తువ్వాలు కింద అత్తగారి చిటికెనవేలు తనంతట తనే వంగి, మిగతా వేళ్లకి మెట్టులా నిలబడింది. ఆమె ఆ వేలునే చూసింది. తన తిమ్మిరంతా ఎక్కడుందో అక్కడ దొరికింది. ఇరవై రెండేళ్లుగా వేలాడే వాటికి హ్యాండిళ్లు కుట్టి కుట్టి, బరువంటే కిందకి లాగేదే అనుకుంది. ఈ బరువు కిందనుంచి మోయాల్సింది. మోసే చిటికెనవేలికి కింద ఏ ఆసరా లేదు.

"నాకెందుకులే, ఎల్లుండి ఎటూ ఇచ్చేసేదే," అని అత్తగారు తువ్వాలు విదిలించి భుజాన వేసుకుంది.

ఆమె అప్పటికే వంటింట్లో ఉంది. కలిపి పెట్టిన రొట్టెల పిండిలోంచి నిమ్మకాయంత ముద్దలు రెండు తీసి, తోలు పట్టీలు విప్పేసిన యంత్రం వెనక ప్లాస్టిక్ కవరు పరిచి, రెండువైపులా అతికించింది. స్టవ్ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుంది. వేళ్లు ఎక్కడ కూర్చుంటామంటే అక్కడ కూర్చోనిచ్చింది. చెయ్యి తీసేసరికి పిండిలో నాలుగు వేళ్లకి నాలుగు గుంటలు పడ్డాయి. చిటికెనవేలి గుంట కింద పిండి గట్టులా లేచింది. ఆ పూట ఆయనకి రెండు రొట్టెలు తక్కువయ్యాయి. ఎందుకు తక్కువయ్యాయో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

శనివారం ఆ పిండిముద్దలు స్టీలు డబ్బాలో కార్ఖానాకి వెళ్లాయి. భోజనాల వేళ మూత తీయగానే పక్క మిషన్ పిల్ల తొంగిచూసి, హ్యాండిలక్క ఇంట్లో గ్యాసు అయిపోయినట్టుంది, ఇవాళ పచ్చిపిండే తింటోంది అని అందరికీ వినబడేలా చెప్పింది. నవ్వులు లేచాయి. ఒకామె తన డబ్బాలోంచి సగం అన్నం తీసి ఇవ్వబోయింది కూడా. ఆమె నవ్వుతూనే అట్టముక్క మీద ముద్దని పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంది.

కటింగ్ మాస్టరు అటుగా వచ్చాడు. ఆ కార్ఖానాలో ఏ సంచి అయినా ఆయన గీస్తే పుడుతుంది. ఏమిటిదని అడక్కుండా ముద్దని తీసుకుని, ఆ గుంటల్లో తన వేళ్లు పెట్టబోయాడు. రెండు వేళ్లు పట్టాయి. మిగతా రెండూ గట్టు దాటి బయటికి వేలాడాయి.

"ఎవరి చెయ్యిది?"

"నాదేనండీ."

ఆయన పిండిని వెలుతురు కేసి తిప్పి చూశాడు. గోడకి ఆ వారం సరుకు వేలాడుతోంది. అన్నీ ఆడవాళ్ల సంచులే.

"మన హ్యాండిళ్లన్నీ నేను నా పిడికిట్లో పట్టి చూసే పంపిస్తున్నాను," అన్నాడు నెమ్మదిగా.

"అవునండీ."

"మరి ఇన్నేళ్లలో ఒక్కమాటా చెప్పలేదేం?"

ఆమె ఆలోచించింది. మీరు అడగలేదు కదా అనొచ్చు. అది నిజమే కానీ సగం నిజం. "కొంచెం లావనిపించేదండీ. అలవాటవుతుందిలే అనుకున్నాను," అంది.

మాస్టరు తన బల్ల సొరుగు తీసి, ఖరీదైన సంచులకి వాడగా మిగిలిన మేకతోలు ముక్క ఒకటి ఆమె ముందు పెట్టాడు. మధ్యాహ్నం లాటు తక్కువే ఉంది, కాసేపు తన కటింగ్ బల్ల మీదే చేసుకోమన్నాడు. వెళుతూ వెళుతూ ఒక పిండిముద్ద తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు. రేపటికి పులుస్తుందండీ అని ఆమె చెప్పింది. పులిసేలోగా కొలుచుకుంటానని దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్లాడు.

ఈసారి ఆమె తొందరపడలేదు. ఫోము పొరలు పొరలుగా అతికించి, పిండి ఎక్కడ లేచిందో అక్కడ ఉంచి, ఎక్కడ గుంట పడిందో అక్కడ బ్లేడుతో చెక్కింది. యంత్రం వేడెక్కి గాలి వదిలేచోట కిటికీలా కోసింది. అతుకులన్నీ వేళ్లు తగలని అంచుకి నెట్టేసింది. చిటికెనవేలి కింద గట్టుకి మాత్రం గట్టి రెక్సిన్ ముక్క లోపల దాచింది, ఎంతసేపు ఆనినా అణగకుండా. పైన ఆ మేకతోలు కప్పి, నాలుగు మూలలకీ ఎలాస్టిక్ కుట్టి దారం తెంపేసరికి, పక్క మిషన్ పిల్ల నవ్వడం మానేసి, ముట్టుకోవచ్చా అక్కా అని అడిగింది.

ఇంటికొచ్చేసరికి ఆయన ఇంకా డ్యూటీ దిగలేదు. కూతురు పుస్తకాలు ముందేసుకుని ఉంది. ఆమె యంత్రానికి ఆ తొడుగు తొడిగి, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. యంత్రం అరచేతుల్లో కూర్చుంది. కూర్చుని, అక్కడే ఉండిపోయింది. పట్టుకున్నానన్న సంగతి కూడా చేతులకి గుర్తులేదు.

ఇరుకు సముద్రంలోకి పడవ వెళ్లింది. గాలి లేచింది. ఆమె మీట నొక్కింది. అరనిమిషం. అత్తగారు పనేమీ లేకపోయినా ఈ గదిలోకి వచ్చి కిటికీ తెర సర్ది, మంచం చివర కూర్చుంది. నిమిషం. చిటికెనవేలు గట్టుమీద నిశ్చింతగా ఉంది. కూతురు పుస్తకం మూయకుండానే లేచి వచ్చి మంచం మీదకి ఎక్కింది. కెరటం పడవ మీదకి వచ్చింది, ఆమె పుల్లని ఎడమకి వంచింది. అత్తగారు కూడా కూర్చున్నచోటే ఎడమకి వంగింది.

"రాయి, రాయి, రాయి ఉందక్కడ," అంది అత్తగారు.

"చూశానత్తయ్యా."

"చూస్తే మరి తిప్పు."

తిప్పింది. నిమిషమున్నర. రెండు నిమిషాలు. గాలి చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. తెర మీద నీళ్లు పచ్చగా, పలచగా అయిపోయాయి. ఎదురుగా ఒక దీపస్తంభం, దానికింద గుడ్డ ఊపుతున్న చిన్న మనిషి.

కూతురు అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది. ఆమె నవ్వుతూనే ఉంది. బుగ్గలు నొప్పెట్టేదాకా నవ్వింది. వేళ్లు తెరిచి మూసి చూసుకుంది. పదీ తనవే, పదీ మేలుకునే ఉన్నాయి.

"ఆ మనిషికేం రాశారట ఉత్తరంలో?" అని అత్తగారు అడిగింది.

"మనం చదవకూడదత్తయ్యా. చేర్చడం వరకే మన పని."

"ఇంత తుపానులో తెచ్చి, ఏముందో కూడా చూడకూడదా? బాగానే ఉంది వరస," అని అత్తగారు అసంతృప్తిగా లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగి, పన్నెండో దీవి ఎంత దూరమని అడిగింది.

ఆదివారం ఆడపడుచు పన్నెండు గంటలకల్లా వచ్చేసింది. పిల్లలు వాళ్ల నాన్నతో ఈతకి వెళ్లారట. యంత్రం పెట్టుకెళ్లడానికి మెత్తటి గుడ్డసంచి కూడా తెచ్చుకుంది. భోజనాల దగ్గర మాటలన్నీ పిల్లల చదువు మీద, ఆయన కొత్త రూటు మీద నడిచాయి. అందరి పళ్లేలూ ఖాళీ అయ్యాక ఆయన చెయ్యి కడుక్కుని, అరలోంచి యంత్రం తీసుకొచ్చాడు.

"ఇదేమిటి, చొక్కా తొడిగారు దీనికి?" అని తిప్పి చూశాడు.

అమ్మే కుట్టిందని కూతురు చెప్పింది. ఆయన కుట్టు చూసి మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూ రెండు చేతులా పట్టుకోబోయాడు. వేళ్లు గుంటల్లో ఇరుక్కున్నాయి. ఇలా కాదని ఇంకోలా పట్టుకున్నాడు. చిటికెనవేలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోకి లేచిపోయింది.

"పట్టడం లేదే నాకు," అన్నాడు, ఆశ్చర్యంగా. ఇంట్లో ఏ వస్తువూ ఆయనతో అలా ప్రవర్తించినట్టు లేదు.

ఆడపడుచు అందుకుంది. ఆవిడ ఉంగరాల వేళ్లకి గట్టు ఒత్తుకుంది. కూతురు వేళ్లు పొడుగు, గుంటలు దాటి ముందుకి వచ్చేశాయి. అత్తగారు కూడా చెయ్యి చాపి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని చూసి, నాకు వదులు అని కోడలికిచ్చేసింది.

ఆమె పళ్లెం పక్కకి జరిపి అందుకుంది. ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కోలేదు. యంత్రం ఆమె చేతుల్లో ఒదిగిన తీరు బల్ల చుట్టూ ఉన్న నలుగురూ చూశారు. గ్రిప్పుని చూస్తున్న ఆయన కళ్లు మెల్లగా ఆమె వేళ్ల మీదకి వచ్చాయి. ఆ చేతులు అంత చిన్నవని ఆయన ఇప్పుడే గమనించినట్టున్నాడు.

"తొడుగు తీసేస్తే పిల్లలకి పనికొస్తుందేమో వదినా," అని ఆడపడుచు మెల్లగా అంది. గుడ్డసంచి ఇంకా ఒళ్లోనే ఉంది.

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె గొంతు పెంచలేదు. ఉప్పు అందుకోమన్నట్టు, మామూలుగా చెప్పింది.

"ఇది నేను ఇవ్వడం లేదు. పిల్లల్ని ఇక్కడికి పంపించు, ఆదివారాలు ఆడుకుంటారు. మిగతా రోజులు ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నేను ఆడతాను. అరగంట కాదు, గంట. నాకు సరదా అని కాదు, నాకు ఇష్టమని." కొంచెం ఆగి ఆయన వైపు తిరిగింది. "ఆ గంటలో పొయ్యి ఎవరు వెలిగిస్తారో, కూర ఎవరు తరుగుతారో ఇంట్లో మీరు ముగ్గురూ అనుకుని సాయంత్రానికి నాకు చెప్పండి."

చెప్పి, పళ్లేలు తీయడానికి లేవకుండా అలాగే కూర్చుంది.